తంగెళ్లకుంటకు జమానతు

చెరువులు చూడటానికి ఊళ్ళు తిరిగే పిచ్చి నాకు చాలా కాలంగా ఉంది. కట్ట మీద నడవడం, తూము దగ్గర కాసేపు కూర్చోవడం, శాసనం రాయి కనిపిస్తే దాని మీది సున్నం గోకి చదవడం. కాళ్ళు మొరాయించాక ఎక్కడో ఒకచోట ఆగాలి కదా, చంపాపేట్ దాటి ఎల్బీనగర్ వైపు వెళ్ళే దారిలో తంగెళ్లకుంట పక్కన ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇన్ని చెరువులు చూసినవాడు చివరికి ఒక మురుగుకుంట పక్కన చేరాడేమిటని మీరు నవ్వవచ్చు. కిటికీ తెరిచిన మొదటి రోజు నేనూ నవ్వుకున్నాను, ముక్కు మూసుకుని.

ఆ ఇంటావిడ వేదవతి. రేపల్లె పక్క పల్లెటూరు ఆమెది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న భర్తతో కలిసి చిన్న వయసులో ఇటు వచ్చింది. ఆయన పోయాక పోస్టాఫీసు పొదుపు పథకాలకు ఏజెంటుగా కుదిరి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి చంపాపేట్ దాకా గడప గడపా తిరిగేది. చంకలో గుడ్డసంచీ, చేతిలో నల్లగొడుగు. ఆ గొడుగు ఎండకు తక్కువ, కుక్కలకు ఎక్కువ. ఎవరింట్లో చంటిపిల్ల పుట్టినా ఆమెకు ముందు తెలిసేది. చూడటానికి వెళ్ళి, పిల్లను ఒళ్ళో పెట్టుకుని, పేరుతో పాటు పొదుపు ఖాతా కూడా పెట్టించి వచ్చేది.

ఆమె వచ్చిన కొత్తలో కుంట నీళ్ళు తేటగా ఉండేవట. పుట్టింటి ఊళ్ళో కాలవగట్టున పెరిగిన మనిషి, ఇక్కడ మాటాడే మనిషి లేక రోజూ పొద్దున్నే కుంట ఒడ్డుకు పోయి కూర్చునేదట. ఒకరోజు అలా వెళితే నీళ్ళ మీద బంతిపూలు, తంగేడుపూలు, గునుగుపూలు గుత్తులు గుత్తులుగా తేలుతూ ఉన్నాయి. అంతకు ముందురోజు బతుకమ్మను నిమజ్జనం చేశారని ఆ పిల్లకేం తెలుసు? ఇన్ని పూలు ఎవరో పారబోశారనుకుని, మంచివి ఏరి కొంగులో పోసుకుంది. గుమ్మానికి దండ కడదామని.

వెనక నుంచి ఒక గొంతు: "ఓ పిల్లా! ఏం జేస్తున్నవ్? సాగనంపిన బతుకమ్మను మల్ల ఇంటికి తోలుకపోతవా?"

ఆ గొంతు అరుణమ్మది. నల్లగొండ జిల్లా మర్రిగూడ పక్క ఊరు. మొగుడు లచ్చయ్య లారీ నడిపేవాడు. బిత్తరపోయిన వేదవతి పూలన్నీ తిరిగి నీళ్ళలో వేసి ఏడ్చిందట. అరుణమ్మ నవ్వి, తన ఇంటికి తీసుకుపోయి పండగకు చేసిన సద్దుల పిండి చేతిలో పెట్టిందట. అప్పటి నుంచి ఒకరికొకరు వేదక్క, వదిన.

అరుణమ్మ నీళ్ళ విషయంలో మొండిది. వాళ్ళ ఊరి బావినీళ్ళలోని ఫ్లోరైడు ఆమె తల్లి వెన్ను వంచేసింది. ఆ తల్లి ఆకాశం చూసి ఎరగదని అరుణమ్మ ఒకసారి నాతో అంది. ఆ మాట అని, వెంటనే చాయ్ పోసింది.

కుంట చుట్టూ ఇళ్ళు పెరిగాయి, మురుగు కాలవలు అందులోకి తిరిగాయి. నేను వచ్చేసరికి ఆడవాళ్ళు బతుకమ్మను ప్లాస్టిక్ టబ్బులో కుళాయినీళ్ళు పోసి అందులో వదిలేవారు. టబ్బు చిన్నది. పెద్ద బతుకమ్మ అయితే పక్కకు ఒరిగిపోయేది.

అప్పుడు వచ్చాయి చెరువు బాండ్లు. పాడైన చెరువులు బాగుచేయడానికి జనం దగ్గరే అప్పు తీసుకుంటామని ఒక సంస్థ ప్రకటించింది. బాండు కొంటే ఏటా వడ్డీ, గడువు తీరాక అసలు, దానికి సర్కారు పూచీ. అయితే ఒక షరతు. ఏ చెరువు చుట్టుపక్కల వాళ్ళు ఆ చెరువు వాటాకు సరిపడా బాండ్లు దసరా లోపల కొనకపోతే దాని పేరు జాబితాలోంచి తీసేస్తారు. తీసేస్తే ఏమవుతుందో తంగెళ్లకుంట దగ్గర ఎవరికీ చెప్పనక్కరలేదు. ఒక మూల అప్పటికే మట్టి లారీలు దిగుతున్నాయి. ఎవరో హద్దురాళ్ళు కూడా పాతారు.

నాకైతే ఇది కొత్తగా తోచలేదు. పూర్వం చెరువు తవ్వించినవాడికో, గండి పూడ్చినవాడికో ఆ చెరువు కింది పంటలో పదోవంతు రాసిచ్చేవారు. దశబంధం అనేవారు దాన్ని. రాజులు మారినా చాలాచోట్ల ఆ మాట నిలిచింది. ఈ సంగతి ఎదురింటి చక్రపాణి మాస్టారికి ఉత్సాహంగా చెప్పాను. ఆయనది తెనాలి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పి మానేసిన మనిషి.

"బాగుందండీ. మరి మీ శాసనం రాయి బ్యాంకులో తాకట్టు పెట్టుకుంటారా?" అన్నాడు.

బాండ్లు అమ్మే పని వేదవతి నెత్తిన వేసుకుంది. అది రెండువేల పదకొండు. సకలజనుల సమ్మె. బస్సులు డిపోల్లో పడుకున్నాయి, బళ్ళు మూతపడ్డాయి, కూడలి కూడలికీ వంటావార్పూ. కాలనీలో సగం నల్లగొండ వాళ్ళు, సగం కోస్తా వాళ్ళు. పలకరింపులు తగ్గాయి. కూరగాయల బండి దగ్గర కూడా ఎవరి గుంపు వాళ్ళదే. ఆ వాతావరణంలో ఆమె గొడుగు పట్టుకుని బయల్దేరింది.

చక్రపాణి గేటు దగ్గరే ఆపాడు. "రేపు రాష్ట్రం విడిపోతే ఈ బాండు మొహం ఎవరు చూస్తారమ్మా? ఆ ప్రభుత్వం ఇదంటుంది, ఈ ప్రభుత్వం అదంటుంది."

"అబ్బే, ఇప్పట్లో విడిపోదు లెండి మాస్టారూ. నిశ్చింతగా తీసుకోండి" అంది వేదవతి.

లచ్చయ్య ఇంట్లో మాట వేరు. "మా నీళ్ళు మాకు రాకపాయె. ఇగ మా పైసలు గూడ గా సర్కారుకే ఇయ్యాల్నా అక్కా?"

"రాష్ట్రం వచ్చేస్తోందిగా అన్నయ్యగారూ! వచ్చాక మీ సర్కారే, మీ చెరువే" అంది.

ఆమెను తప్పు పట్టలేం. పొదుపు ఏజెంటుకు అలవాటది, ఏ గడపకు తగ్గ మాట ఆ గడపలో. ఇన్నేళ్ళూ ఆ మాటలు ఒకదానికొకటి ఎదురుపడలేదు. ఈసారి పడ్డాయి. ఇడ్లీబండి దగ్గర చక్రపాణీ లచ్చయ్యా మాటామాటా అనుకుంటుంటే రెండు సంగతులూ బయటికొచ్చాయి. మధ్యాహ్నానికల్లా కాలనీ అంతా పాకింది. తీసుకుంటామన్న వాళ్ళు కూడా తలుపులు వేసుకున్నారు.

అరుణమ్మ తలుపు వేయలేదు. గడపలోనే నిలబడి అడిగింది.

"నాకొక మాట, గాల్లకొక మాటనా వేదక్కా?"

"వదినా, చెరువు కోసమే కదా..."

"నువ్వేందో చెరువుకేం దెల్వది. నాకు దెలుసు." అని లోపలికి పోయింది.

ఆ వారం వేదవతి సంచీ మేకుకు వేలాడుతూనే ఉంది. అన్నం కెలికి లేచిపోయేది. ఓదార్చడం నాకు రాదు, ఏవో చెరువుల కథలు చెప్పబోయాను. "మీ చెరువులన్నీ బాగానే ఉన్నాయి కదా, చాల్లెండి" అంది. నిజానికి అవీ బాగా లేవు. కానీ ఆ మాట అప్పుడు చెప్పేది కాదు.

పండగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ వచ్చింది. ప్రతి ఏడూ అరుణమ్మ వచ్చి చేయి పట్టి లాక్కెళ్ళేది. ఈసారి రాలేదు. కుంట పక్క ఖాళీ జాగాలో ఆడవాళ్ళు చప్పట్లు చరుస్తూ తిరుగుతున్నారు. మగవాళ్ళు దూరంగా నిలబడ్డారు. చక్రపాణి తన అరుగు మీద కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. పాట ఆగాక, పిలవకుండానే వేదవతి వెళ్ళి మధ్యలో నిలబడింది. వీధిలో గొడుగు లేకుండా ఆమెను చూడటం నాకదే మొదటిసారి.

"నేను ఇద్దరికీ రెండు మాటలు చెప్పాను. రెండూ నాకు తెలియని మాటలే" అంది. "రాష్ట్రం వస్తుందో రాదో నాకు తెలీదు. వస్తే ఈ బాండు డబ్బు ఎవరు కడతారో కూడా తెలీదు. కుంట పోతే మళ్ళీ రాదన్నది ఒక్కటే తెలుసు. తప్పయిపోయింది."

అరుణమ్మ టబ్బు పక్క నుంచి లేచింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అరుణమ్మ కాలనీలో చిట్టీ నడిపేది. చిట్టీ ఎత్తుకునే మనిషికి ఒకరు జమానతు ఉండాలి, అంటే ఆ మనిషి కట్టకపోతే తాను కడతానని పూచీ పడాలి. ఆమె నియమం ఒకటుంది. చుట్టం పూచీ పనికిరాదు. సొంతవాళ్ళు జమానతు ఉంటే అది మొహమాటం అనేది. కాబట్టి నల్లగొండ మనిషికి గుంటూరు మనిషి, గుంటూరు మనిషికి నల్లగొండ మనిషి. ఆ చిట్టీ ఎన్నడూ మునగలేదు.

"సర్కారు సంగతి నాకెర్క లేదు" అంది అరుణమ్మ, అందరికీ వినబడేలా. "రాష్ట్రమొచ్చి, మీ ఆంధ్రోళ్ళ బాండు పైసలు ఆగినయనుకో. నేను జమానతు. నా ఇల్లు గీడనే ఉంటది, వచ్చి అడుగుర్రి. రాష్ట్రం రాకుంట మావోళ్ళ పైసలు మునిగినయనుకో. అప్పుడు ఎవలు?" అని అరుగు వైపు తిరిగింది. "చక్రపాణి సారూ, నిన్నే! లెక్కల సారువి గద, జెప్పు!"

"నన్నెందుకమ్మా లాగుతావు మధ్యలో?"

"నువ్వు సగం కాలనీకి లెక్కలు జెప్పినవ్. లెక్క తప్పితే చెవులు మెలేసినవ్. గిప్పుడు నీ చెవి మా చేతిల వెట్టు."

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. చక్రపాణి కళ్ళజోడు తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, లచ్చయ్య వైపు చూశాడు. లచ్చయ్య నేల చూశాడు.

"సరే" అన్నాడు మాస్టారు. "లచ్చయ్య బాండుకు నేనుంటాను. కానీ మా ఇంటి ముందు లారీ పెట్టడం మానాలి."

"పెడితే టైర్ల గాలి దీస్తున్నవ్ గద సారూ, ఇంకేంది!" అన్నాడు లచ్చయ్య.

అలా ఒక్కొక్కరే. ఎవరికి ఎవరు జమానతో అక్కడే, పూల చుట్టూ నిలబడి, నోటిమాటగా అనుకున్నారు. చట్టం ముందు ఆ పూచీలకు చిల్లికాణీ విలువ లేదు. చదువుకున్న చక్రపాణికి అది తెలుసు, వేదవతికీ తెలుసు. మర్నాడు పొద్దున్నే సంచీ మేకు మీద నుంచి దిగింది. బస్సులు లేవు కనుక బాండ్ల డబ్బు కట్టడానికి దిల్‌సుఖ్‌నగర్ బ్యాంకుకు ఆమె నడిచే వెళ్ళింది. అరుణమ్మ పక్కన నడిచింది. దారిపొడుగునా ఆమెను తిడుతూనే ఉంది. వేదవతి అంత సంతోషంగా ఎవరి తిట్లూ విని ఉండదు.

తంగెళ్లకుంట పేరు జాబితాలో నిలిచింది. మురుగు కాలవ పక్కకు మళ్ళింది, హద్దురాళ్ళు పీకేశారు, పూడిక తీశారు. ఈలోగా రాష్ట్రమూ వచ్చింది. ఆ ఏడు వడ్డీ కొంత ఆలస్యమైతే చక్రపాణి చేతికర్ర ఊపుకుంటూ అరుణమ్మ గడపలో నిలబడ్డాడు.

"జమానతుదారు గారూ! నా డబ్బేదమ్మా?"

"కూసో సారూ, చాయ్ తాగు. నేనేడికి పారిపోత?"

రెండో చాయ్ తాగి వెళ్ళాడు. వడ్డీ వచ్చాక కూడా, అలవాటు తప్పక, అప్పుడప్పుడూ అడగడానికి వెళ్ళేవాడు.

ఆ ఏడు బతుకమ్మను టబ్బులో వదలలేదు. వానలు పడి కుంటలో నీళ్ళు నిలిచాయి. మోకాళ్ళ నొప్పితో వేదవతి మెట్ల మీదే ఆగిపోయింది. అరుణమ్మ బతుకమ్మను నెత్తిన పెట్టుకుని నీళ్ళలోకి దిగబోతూ ఆగి, వెనక్కి వచ్చి, దాని కింది వరస నుంచి గుప్పెడు తంగేడుపూలు తీసి ఆమె కొంగులో వేసింది.

"ఇంకా సాగనంపలే. ఇప్పుడు దీస్కపో" అంది. "గుమ్మానికి కట్టుకో."