పూజలో పెట్టిన రిజిస్టరు

నాన్న మరణ ధ్రువపత్రం కోసం మొన్న ఆయుధపూజకు ముందు రోజు చింతాద్రిపేటలోని కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్తే, గడప దాటకముందే కర్పూరం, నలిగిన బంతిపూలు, గుమ్మంలో పగలగొట్టిన బూడిదగుమ్మడి పచ్చివాసన కలిసి ఎదురొచ్చి, నన్ను మళ్లీ తొమ్మిదేళ్ల పిల్లను చేశాయి.

నాన్న అలాంటి ఆఫీసులోనే జనన మరణాలు రాసే గుమాస్తా. పండగనాడు సెలవు గనక అక్కడ పూజ ముందు రోజే జరిగేది. బొరుగులు, బెల్లం, పుట్నాలు పొట్లాలు కట్టి పంచుతారని నేను నాన్న వెంట పోయేదాన్ని. బీరువాలకూ టైపు మిషన్లకూ రబ్బరు స్టాంపులకూ చివరికి నీళ్లకుండకూ చందనం పూసి బొట్లు పెట్టి, రిజిస్టర్లన్నీ సరస్వతి పటం ముందు దొంతరగా పేర్చి మాల వేసేవాళ్లు. పండగ వెళ్లేదాకా వాటిని ఎవరూ తెరవకూడదు. బొట్టు లేనిది నాన్న బల్ల ఒక్కటే. ఇంట్లో అవ్వ పూజకు తెల్లవారే పూలు కోసిచ్చే మనిషి, ఆఫీసులో ఊదొత్తి కూడా ముట్టేవాడు కాదు.

ఆ ఏడు తిరువొత్తియూరు నుంచి మెడలో సిలువ వేలాడే జపమాలతో ఒక బెస్తామె వచ్చింది. భర్త సముద్రంలో పోయాడు. అతని మరణ పత్రం ఆ సాయంత్రంలోగా చూపితేనే కూతురికి హాస్టల్లో చోటు. పెద్ద గుమాస్తా బొరుగులు నములుతూ, "పుస్తకం సామి కాడుంది, పండగైనాక రామ్మా" అన్నాడు. ఆమె కదల్లేదు. నాన్న లేచి, మాల పక్కకు తీసి, దొంతర మధ్యలోంచి రిజిస్టరు లాగాడు.

"ఏందప్పా ఇది! సరస్వతి మీద చెయ్యేస్తావా?"

"ఇది సర్కారు పుస్తకం అన్నా. సామికిచ్చే హక్కు నీకూ లేదు, నాకూ లేదు."

"కళ్లు పోతాయి, సూసుకో!"

"పోయే లోపల ఈయమ్మకు రాసిచ్చేస్తా, ఉండు."

పై నెలలోనే నాన్నను ఊరి చివర మాధవరానికి బదిలీ చేశారు. అవ్వ రెండు రోజులు తిట్టి, మూడోనాడు "ఆ బిడ్డకు చోటు దొరికిందా రా?" అని అడిగింది. దొరికిందని వినగానే, "సరి, కూచో, తిను" అంది.

ఈ దేశం పుట్టుకలోనే మతం ఉందని ఇప్పుడు గొంతు చించుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. జెండా మోసినవాళ్లు గుడికీ మసీదుకూ చర్చికీ పోయినవాళ్లే. అయినా రాజ్యాంగాన్ని దేవుడి పేరుతో మొదలుపెడదామన్నప్పుడు, దాన్ని రాసిన సభ ఓటేసి మరీ వద్దంది. ప్రజల పేరుతో మొదలుపెట్టింది. అంతమంది భక్తులు కూర్చుని చేసిన ఆ పనిని ఒక దండా ఒక కర్పూరం బిళ్లా రద్దు చేస్తాయంటే నేను ఒప్పుకోను.

మొన్న నేను వెళ్లిన ఆఫీసులో ఆ రిజిస్టర్లు లేవు, టైపు మిషన్లు లేవు, బొట్టు లేని బల్ల అసలే లేదు. కంప్యూటరును ఆపేసి మాల వేశారు. కుర్ర గుమాస్తా పొట్లం చాపి, "సిస్టం పూజలో ఉందమ్మా, పండగైనాక రండి" అన్నాడు. పొట్లం తీసుకున్నాను, బొరుగుల మీద నాకు పగ లేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆన్ చేసే మీట మీద కుంకుమ బొట్టు ఎర్రగా, తడిగా ఉంది.

"ఆ బొట్టు మీదే నొక్కు నాయనా," అన్నాను. "నేనీడే కూచోనుంటా."