తట్టలు మోసేటోళ్ల బొమ్మ

దయ్యాల ముచ్చట ఎవరన్న మొదలువెడితే నేను లేచిపోతా. మహబూబ్‌నగర్ల ఒక దవాఖానల నర్సును నేను. శవాల పక్కపొంటి తిరుగుకుంటనే డ్యూటీ చేసిన, ఏ దయ్యం నన్ను పలకరియ్యలే. గందుకే గీ ముచ్చట చెప్పాల్నంటే నాకే సిగ్గనిపిస్తది.

తెలంగాణ వచ్చినంక కొన్నేండ్లకు మా సిబ్బందినంత బస్సుల పట్నం మ్యూజియానికి తీస్కపోయిన్రు. గైడు చిన్న పిల్ల. మేం ఉరుకుతుంటే ఆపింది. అన్నీ చూడకుంటే ఏంగాదు, తలా ఒక బొమ్మ ముంగట నిలబడి నిమ్మలంగ చూడున్రి అన్నది. అవతల బిర్యానీ సల్లారిపోతదని మావోళ్ల గులుగుడు.

నాకు దొరికింది గోడకు తగిలిచ్చిన రంగుల బొమ్మ, దాంట్ల డ్యాం పని నడుస్తాంది. ఆడోళ్లు మట్టి తట్టలెత్తుకొని కట్టమీదికి పోతున్నరు. అందరి ఈపులే కనవడుతున్నయి. జర సేపు చూసినంక, చివరామె మొఖం ఇటు తిరిగున్నట్టు కానొచ్చింది. గదువ మీద పచ్చబొట్టు. మా అమ్మ.

మావోళ్లు బిర్యానీకి పిలిచేదాంక గామెనే చూసుకుంట ఉన్న.

మాది కోస్గి దిక్కు ఊరు. అమ్మ, బాపు డ్యాం పనులకు దూరం పోయేటోళ్లు. అమ్మ ఆడనే జరమొచ్చి సచ్చిపోయింది. ఒక్క ఫోటో లేదు. మా చెల్లె కరుణ అప్పటికి పాలు తాగే పిల్ల. అమ్మ ఎట్లుండె అని అది అడిగినప్పుడల్లా, నీలెక్కనే ఉండె అని దాటేసేదాన్ని. నిజానికి పచ్చబొట్టు తప్ప నాకూ ఏం యాదికి లేకుండె. ఆ బొమ్మ ముంగట మొఖమంత యాదికొచ్చింది.

ఇంటికొచ్చి చెప్తే, అప్పుడే ఫోన్ ఎందుకు చెయ్యలేదని కరుణ నా మీద గయ్యిమన్నది. సెలవు దొరకంగనే ఇద్దరం పోయినం. అమ్మను చూడవోతున్ననని అది కొత్త చీర కట్టుకున్నది.

గదే గోడ, గదే బొమ్మ. చివరామె ఈపు మా దిక్కున్నది. మొఖమే లేదు.

గా గైడు పిల్లనే పిలిచి అడిగిన. ఈ బొమ్మల ఎవరి మొఖమూ కనవడదు మేడం, మొదటినుంచీ గంతే అన్నది. నా మతి నా దగ్గర లేదు. చెల్లెను ఉత్తగ ఆశవెట్టి తీస్కొస్తినని ఏడుపొచ్చింది. పోదాం పా అని చెయ్యి వట్టి గుంజిన. అది కదల్లే. చానాసేపు చూసుకుంట నిలబడ్డది. కండ్లల్ల నీళ్లు, మూతిమీద నవ్వు.

"అక్కా, అమ్మ చెవి గట్లెందుకు తెగింది?" అన్నది.

అమ్మ ఎడమ చెవి తమ్మె తెగే ఉండె. పనికాడ తట్ట అంచు కమ్మకు తగులుకొని తెగిందని బాపు చెప్పెటోడు. గా సంగతి నేను కరుణకు ఎన్నడూ చెప్పలే. నేనే మర్సిపోయిన. బాపు దానికి ఊహ తెల్వకముందే పోయిండు, ఇంక చెప్పెటోళ్లు ఎవరున్నరు?

మళ్ల బొమ్మ దిక్కు చూసిన. నాకు ఈపే. తర్వాత ఒక్కదాన్నే పోయి చూసిన, అప్పుడూ ఈపే. నాకు అమ్మ మొఖం మళ్ల మసకవడుతాంది. కరుణ మాత్రం అన్నం తినుకుంట, బస్సెక్కుకుంట అమ్మ ముచ్చటే చెప్తది.

గిదంత ఏందో ఇప్పటికీ నాకు సమజ్ కాలే. కరుణను చూస్తే సంబురమైతది. కుళ్లు గూడ వస్తది.