బెంచీ మీద బయ్యమ్మ

పుంగనూరు పక్కపల్లెల్లో పనిమంతురాలు ఎవరంటే బయ్యమ్మ పేరే చెప్పేవాళ్లు. కుప్పం దగ్గర పుట్టి, పదిహేనో ఏట గోవిందప్ప భార్యగా ఆ ఊళ్లో అడుగుపెట్టింది మొదలు ఆమె పగటిపూట నడుం వాల్చగా చూసినవాళ్లు లేరు. పాడి ఎనుము కూడా ఆమె చేతికి తప్ప ఇంకొకరి చేతికి పాలివ్వదు. "మా బయ్యమ్మ దేన్నయినా తట్టుకుంటాది" అని అత్త నలుగురిలో అంటుంటే మొదట్లో ఆమెకు గర్వంగా ఉండేది. పోనుపోను, ఆ మాట వెనకే ఏదో ఒక పని వచ్చి పడుతుందని తెలిసొచ్చింది.

అంతటి బయ్యమ్మ పంతొమ్మిదివందల డెబ్బైతొమ్మిదిలో ప్రతి శుక్రవారం మదనపల్లెలో ఒక డాక్టరు వరండాలో బెంచీ మీద కూర్చుని అసూయతో ఉడికిపోయేది. ఎవరిని చూసి? జబ్బు పడ్డ తోడికోడల్ని చూసి. నవ్వేవాళ్లు నవ్వొచ్చు గానీ, ఆ మంట ఆమెకు నిజంగానే ఉండింది.

తోడికోడలు రంగనాయకమ్మ, మరిది చెంగల్రాయుడి భార్య. తొలికాన్పు బిడ్డ తొమ్మిదోనాడు పోయింది. రెండు నెలలు దాటినా ఆ పిల్ల గోడవైపు తిరిగి కూర్చోవడం మానలేదు. ముందు పెట్టిన అన్నం అట్లాగే చల్లారిపోయేది. దర్గాలో తాయెత్తు కట్టించారు. సదుం నుంచి ఎవరినో పిలిపించి దిష్టి తీయించారు. చివరికి చెంగల్రాయుడు తెగించి, మదనపల్లెలో ఇంటి ముందుగదిలోనే వైద్యం చేసే మనోవ్యాధుల డాక్టరు ఆదినారాయణ దగ్గరికి తీసుకుపోయాడు. ఊళ్లో మాత్రం పళ్ల డాక్టరని చెప్పారు. మూడు నెలలుగా వారం వారం పోతుంటే పక్కింటి కాంతమ్మ ఊరుకుంటుందా? "ఆ పిల్లకు నోట్లో ఎన్ని పండ్లుండాయమ్మా?" అని అడగనే అడిగింది.

మొదటిరోజు బయ్యమ్మ కూడా వెళ్లింది. కరెంటు పెడతారేమో, కట్టేస్తారేమో అని ముగ్గురూ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. ఆయన అవేవీ చేయలేదు. ఎప్పట్నుంచి, నిద్రెట్లా, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా అని అడిగి రాసుకున్నాడు. తర్వాత చెంగల్రాయుడితో నిదానంగా చెప్పాడు.

"ఈ మాత్రలు వేసిన మర్నాడే గుణం కనపడదప్పా. రెండు మూడు వారాలు పడుతుంది. ముందు నోరెండిపోతుంది, మత్తుగా ఉంటుంది, భయపడొద్దు. బాగయింది కదా అని మధ్యలో ఆపొద్దు. వారానికొకసారి వచ్చి నాతో మాట్లాడాల. ఆమె లోపల చెప్పింది మీరు అడగొద్దు. అడిగినా నేను చెప్పను."

ఆ మాట దగ్గరే బయ్యమ్మకు ముల్లు గుచ్చుకుంది. అడగకూడనంతటి మాటలు ఏముంటాయి?

మగవాళ్లకు సేద్యం పనులు. తోడు పోయే పని బయ్యమ్మకే పడింది, దేన్నయినా తట్టుకుంటుంది కదా. కోడి కూయకముందే లేచి, పాలు పిండి, వంట చేసి, పిల్లల్ని బడికి తయారుచేసి బస్సెక్కేది. బస్సులో కిటికీ పక్క సీటు రంగనాయకమ్మది. కమలాపండ్లు రంగనాయకమ్మవి. జన్మలో ఎవరి తలా ముట్టని అత్త, ఇప్పుడు చిన్నకోడల్ని కూర్చోబెట్టి జడ వేస్తోంది. అదంతా ఒక ఎత్తు, ఆ మూసిన తలుపు ఒక ఎత్తు. ముప్పావుగంట! చదువుకున్న పెద్దమనిషి ఒకడు ముప్పావుగంటసేపు ఒక ఆడమనిషి చెప్పేది వింటాడు. గోవిందప్ప పదిహేనేళ్ల కాపురంలో అన్నీ కలిపినా అంతసేపు విన్నాడో లేదో.

"లోపల ఏం చెప్తాదప్పా?" అని కాంపౌండరు పాపయ్యను అడిగింది.

"నాకేం తెలుసమ్మా. సారు సొంత పెండ్లానికి కూడా చెప్పడు."

పాపయ్య టీకి పోయినప్పుడు తలుపుకు చెవి పెట్టి విన్నది. ఫ్యాను చప్పుడులో మాటలేవీ తెలియలేదు. కొన్ని వారాలు ఏడుపు వినిపించింది. ఒక శుక్రవారం నవ్వు వినిపించింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఆరోజు బయ్యమ్మకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. నా మీదే చాడీలు చెప్పి నవ్వుతోంది అనుకుంది.

ఆ సాయంత్రం బయ్యమ్మ రోటి దగ్గర కూర్చుని పచ్చడి నూరుతూ ఉంటే, రంగనాయకమ్మ వచ్చి పక్కన కూర్చుని కమలాపండు ఒలిచింది. బయ్యమ్మ ఇక ఆగలేకపోయింది.

"నాకూ పోయిందే ఒకటి. నీకు తొమ్మిది దినాలన్నా ఉండె, నాకు మూడు దినాలే. పదకొండో దినానికి చెనక్కాయల సేన్లో ఉంటి. నేను గోడపక్క తిరిగి కూచుంటే ఈ ఇంట్లో కూడెవరు వండుతారు?"

అది రంగనాయకమ్మ కాపురానికి రాకముందు సంగతి. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. రంగనాయకమ్మ ఒలిచిన పండు బయ్యమ్మ పక్కన పెట్టి లోపలికి పోయింది. అంత మాట అనకుండా ఉండాల్సింది అనిపించింది బయ్యమ్మకు. కానీ అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు ఆమెకు లేదు. పండు చిన్నకొడుకుకు ఇచ్చేసింది.

మాత్రలు పని చేశాయి. రంగనాయకమ్మ బుగ్గలు తేరుకున్నాయి. పడుకుంటే తెల్లారేదాకా మెలకువే లేదు. బయ్యమ్మకేమో ఎన్నో ఏళ్లుగా కోడికునుకే. ఆ మాత్రల్లో ఏదో బలముందని ఆమె గట్టిగా నమ్మింది. ఒక సోమవారం మధ్యాహ్నం అందరూ అన్నాలు తిని లేచాక, డబ్బాలోంచి మూడు మాత్రలు తీసి మజ్జిగతో మింగేసింది.

ఇక చూడాలి ఆ ఇంటి సంబడం. సాయంత్రమైనా బయ్యమ్మ లేవలేదు. పాలు పిండబోయిన గోవిందప్పను ఎనుము తన్నింది. అత్త సంగటి కెలకబోయి అడుగంటించింది. డబ్బాలో మూడు మాత్రలు తగ్గాయని కనిపెట్టింది రంగనాయకమ్మే. పుంగనూరు డాక్టరొచ్చి, నాడి చూసి, ప్రాణభయం లేదు, మనిషి పక్కన ఉండి కనిపెట్టుకోండి అన్నాడు. అట్లాగే కనిపెట్టుకుని ఉండింది రంగనాయకమ్మ, గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగిస్తూ.

మర్నాడు మధ్యాహ్నం కళ్లు తెరిచి, "ఎనుమును పిండినారా?" అంది బయ్యమ్మ.

అత్త గోవిందప్పవైపు తిరిగింది. "మా బయ్యమ్మకు కూడా ఏమన్నా అవుతాదా?" అని కొడుకును అడిగింది.

శుక్రవారం మదనపల్లెలో పాపయ్య వచ్చి పేరు పిలవగానే రంగనాయకమ్మ బెంచీ మీంచి లేచి, బయ్యమ్మ చేయి పట్టుకుంది. "నువ్వు కూడా రాక్కా" అని లోపలికి తీసుకుపోయింది.

రంగనాయకమ్మ చెప్పిందంతా డాక్టరు విన్నాడు. కోప్పడలేదు. "చచ్చిపోవాలని మింగినావా అమ్మా?" అని సూటిగా అడిగాడు.

"అయ్యో, లేదు సార్. ఈ పిల్ల మాదిరి నిద్రపోవాలని. సూసి ఓర్సుకోలేకపోతిని. దాన్ని అందరూ ఎట్లుండావని అడుగుతాండారు."

"ఒకరి మాత్రలు ఇంకొకరు మింగకూడదమ్మా, ప్రాణం మీదికొస్తుంది" అని, ఆయన కొత్త కార్డు ఒకటి తీసి పేరు రాశాడు. "నిద్ర ఎట్లుంది?"

"బాగుండాది సార్."

"ఆకలి? మనసు?"

"బాగుండాది సార్. నాకేం సార్."

ఏ ప్రశ్న కోసం మూడు నెలలు బెంచీ మీద కాచుకుని కూర్చుందో ఆ ప్రశ్నే వస్తే, పాడునోరు అలవాటు కొద్దీ బాగుందనే చెప్తోంది. తనమీద తనకే ఒళ్లు మండింది.

"ఎంతమంది పిల్లలు?"

"ముగ్గురు సార్."

"నలుగురు సార్" అంది రంగనాయకమ్మ.

డాక్టరు కలం ఆగింది. బయ్యమ్మ తోడికోడలివైపు కోపంగా చూడబోయి ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆడబిడ్డ సార్" అంది. "మూడు దినాలు ఉండె. పేరు కూడా పెట్టలేదు. నేను మాత్రం మంగా అని పిలుస్తాంటి."

రంగనాయకమ్మ చప్పుడు చేయకుండా లేచింది. బయటికి పోయి తలుపు దగ్గరగా వేసి, బయ్యమ్మ ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది.

"మూడు గంటల బస్సు పోతాదేమోనమ్మా" అన్నాడు పాపయ్య.

"పోనీలేప్పా" అంది రంగనాయకమ్మ.