పెంకు వాలు, వాసం వాలు

2022 జూన్. కామారెడ్డిలో నేను వడ్రంగి దుకాణం పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. తలుపులు, మంచాలు చేసే చేతికి బొమ్మరిల్లు ఒక లెక్కా అనుకున్నాను. ఆ పొగరు దిగిపోయిన ఆదివారం ఇది.

అడిగింది ఎల్లారెడ్డి ఊరి మరియమ్మ, కూలికి పోయే మనిషి. తొమ్మిదేళ్ల కూతురు రూతుకు పుట్టుకతోనే చూపు లేదు. హైదరాబాద్‌లో చూపులేని పిల్లల హాస్టల్ బడిలో సీటు వచ్చింది. సోమవారంలోగా చేరకపోతే అది వేరేవాళ్లకు పోతుంది.

"ఇల్లు ఇడిసి పోనంటున్నదన్నా. మా ఇల్లసొంటిదే చిన్నగ చేసిస్తే, తడుముకుంట పండుకుంటదట. వార్డెన్ మేడం గూడ తెచ్చుకోమన్నది."

వెళ్లి ఆ పెంకుటిల్లు కొలిచాను. పైకప్పు వాలు కోసం నిచ్చెన ఎక్కి, కోణం చూపించే యాప్ తెరిచి, ఫోన్‌ను పెంకు మీద పెట్టాను. ఇరవై రెండు డిగ్రీలు. రాసుకుని దిగాను. లోపలికి వెళ్లలేదు.

ఆదివారం, ప్లైవుడ్ బొమ్మరిల్లును ఒక పలక మీద బిగించి బండికి కట్టుకుని తీసుకెళ్లాను. తల్లీకూతుళ్లు అప్పుడే చర్చి నుంచి వచ్చారు. మూడింటికి వాళ్ల బస్సు. రూతు తలుపు తడిమింది, కిటికీ తడిమింది, నవ్వింది. పైకప్పు మీద చెయ్యి పడగానే ముఖం మారిపోయింది.

"మామా, ఇది మా ఇల్లు గాదు."

"గట్లంటవేంది బిడ్డా? కొలిచే చేసిన."

"మాది గింత సాపుగ ఉండది. నేను పోను."

నాకు కోపం నషాళానికి అంటింది. ఇంత పిల్ల నేను కొలిచిన వాలు తప్పంటుందా! మరియమ్మ గోడకు ఆనుకుని ఏడుపు ఆపుకుంటోంది.

"నీకెట్ల తెలుసు?" అన్నాను విసురుగా.

రూతు నా చెయ్యి పట్టుకుని వెనక అర్రలోకి తీసుకెళ్లింది. అక్కడ కప్పు గోడ దాకా దిగుతుంది. బియ్యం బస్తా ఎక్కి, మోచేతి నుంచి వేళ్ల దాకా వాసానికి ఆనించింది. పెంకులను మోస్తూ ఏటవాలుగా పోయే కర్రే వాసం.

"రోజు గిట్లనే పట్టుకుంట. మోచెయ్యి గింత లేస్తది."

బెవెల్ గేజ్ తీశాను. ఏ కోణానికైనా తిరిగే ఇనుప ఆకు ఉన్న మూలమట్టం అది. వాసం వాలును దానికి ఎక్కించి, కోణమానినితో చూస్తే ఇరవై ఎనిమిది. ప్రతి పెంకూ కింది పెంకు మీద ఎక్కి కూర్చుంటుంది. దాంతో కింది కొస లేచి, పెంకు వాసం కంటే పడుకుని ఉంటుంది. నేను కొలిచింది పెంకు వాలు, ఇంటి వాలు కాదు.

అప్పటికి పన్నెండు. కామారెడ్డి దాకా పోయి వచ్చే టైం లేదు, ఇక్కడి కట్టె డిపో మూసి ఉంది. వాలు పెరిగితే కప్పు పలకలు పొడుగు కావాలి, పక్కగోడల త్రికోణాలు ఎత్తు కావాలి. పాత కప్పు విప్పితే త్రికోణాలకు సరిపోతుంది. కొత్త కప్పుకు మాత్రం బొమ్మరిల్లును బిగించి తెచ్చిన పలకే దిక్కు. సరిగ్గా రెండు ముక్కలు వస్తాయి. ఒక్కటి తప్పు కోస్తే ఇక అంతే. రెండూ కలిసే నడికొప్పు దగ్గర అంచును కూడా అదే కోణంలో కోయాలి. మిషన్ లేదు, చేతిరంపమే.

గేజ్‌ను రూతు చేతికిచ్చాను. "ఇదేనా బిడ్డా?"

ఆకు మీద మోచెయ్యి వాల్చి చూసింది. "ఊఁ, గిదే."

గీత గీసి రంపం పెట్టాను. కోపమంతా ఇప్పుడు నా మీదే. మరియమ్మ ఒకసారి గడియారం వైపు, ఒకసారి నా వైపు చూస్తూ, పెదవులు కదుపుతూ ప్రార్థన చేస్తోంది.

రెండుంబావుకు చివరి స్క్రూ బిగించాను. రూతు కప్పు మీద మోచెయ్యి వాల్చింది. వేళ్లు నెమ్మదిగా జరుగుతూ వెనక మూల దగ్గర ఆగాయి.

"మామా, వానొస్తె గీడనే కురుస్తది."

"అవునే, గీడనే గిన్నె వెడ్తం!" అంటూ మరియమ్మ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. మూడింటి బస్సులో రూతు తన ఇంటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇప్పుడు ఎవరి ఇల్లు కొలవాల్సి వచ్చినా ఫోన్ జేబులోనే ఉంచి, ముందు లోపలికి వెళ్తాను. అందులో ఉండేవాళ్లను అడుగుతాను, ఏ మూల కురుస్తుందని.