తిప్పమ్మ ఒక్క పేరుకే పలుకుతుంది

మా పాపకు నీళ్లు పోయడానికి వచ్చే అవ్వ పేరు తిప్పమ్మ. బుక్కరాయసముద్రంలో మా వీధిలో ఆమెను ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ఎదురింటి కల్పన ‘తిరుపమ్మా’ అంటుంది. అంగన్‌వాడీ టీచరు ‘దీపమ్మా’ అంటుంది. తిప్ప అంటే పేడా చెత్తా పోసే దిబ్బ కదా, పెద్ద మనిషిని అలా పిలవడానికి వాళ్లకు నోరు రాదు. వాళ్లు మర్యాదే చేస్తున్నామనుకుంటారు. అవ్వకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఎన్నిసార్లు పిలిచినా తలెత్తదు.

“పాపం, చెవుడు” అని కల్పన నాతో అంది. చెవుడు కాదు. వంటింట్లో పాలు పొంగే చప్పుడు నాకంటే ముందు అవ్వకే వినిపిస్తుంది.

నాకు ఆమెతో ఇంకో పేచీ ఉంది. నా మొదటి కాన్పు నిలవలేదు. తర్వాత పుట్టిన పాపకు ఎంతో ఆలోచించి ఆద్య అని పెట్టుకున్నాం. అవ్వ నోట ఆ పేరు ఒక్కసారీ రాలేదు. కాళ్లు చాపుకుని, పాపను బోర్లా వేసుకుని, నూనె రుద్దుతూ “కోతీ, నా నల్లకోతీ” అంటుంది.

“ఆద్య అవ్వా. రెండక్షరాలే కదా?”

“నీ బిడ్డ, నీ పేరు. నువ్వు పిలుచుకోమ్మా.”

వేసవిలో ఒక పొద్దున అవ్వ చెంబుతో పోసిన వేడినీళ్లు పాప వీపు మీద కాకుండా పక్కన బండ మీద పడ్డాయి. చెయ్యి జారిందని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. కెమిస్ట్రీ చదివినదాన్ని, పాప స్నానం నీళ్లలో కూడా థర్మామీటరు ముంచి చూసే రకం. అవ్వను వాకిట్లోకి తీసుకుపోయి కళ్లు చూశాను. రెండింటికీ పొర వచ్చింది. కుడికన్ను విరిగిన పాలలా ఉంది.

“ఆపరేషన్ చేయించుకునేదాకా ఏ బిడ్డకూ నీళ్లు పోయొద్దవ్వా.”

“పోయకపోతే ఏం తిని బతకాల? కూచోబెట్టి పెట్టేదానికి నాకెవురుండారు?”

అనంతపురంలో ఉచిత కంటి ఆపరేషన్ల శిబిరం జరుగుతోందని తెలిసి, పాపను ఎత్తుకుని, అవ్వను ఆటోలో తీసుకుపోయాను. అదే ఆఖరి రోజు. మళ్లీ శిబిరం ఎప్పుడో వానలు పోయాకే. అప్పటికి ఆ కుడికన్ను ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. నర్సు రెబెకా అవ్వ పేరు రాసుకుని, బెంచీ మీద కూర్చోమంది. పాప ఏడుపు అందుకుంటే పాలివ్వడానికి పక్క గదిలోకి వెళ్లాను.

పాప తాగి, నిద్రపోయి లేచాక తిరిగొచ్చేసరికి అవ్వ వెనక వచ్చినవాళ్లందరి పనీ అయిపోయింది. కంటికి కట్లతో, తోడొచ్చినవాళ్ల పక్కన కూర్చుని ఉన్నారు.

“నిన్ను పిలవలేదా అవ్వా?”

“యాడ పిలిచినారు? ఎవురో తిరుపమ్మంట, ఆయమ్మనే పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్యారు. ఆయమ్మ రాలే.”

“అది నువ్వే!”

“నేను కాదు.”

నాకు కోపం వచ్చింది. “ఈ ఒక్కపూట పలికితే ఏం పోతుంది?”

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, నా వైపు కాక పాప వైపు చూస్తూ చెప్పింది. “మా యమ్మకు నాకన్నా ముందర పుట్టినోళ్లు ఎవురూ దక్కలేదు. పుట్టిన వారానికే పోతాండిరంట. నన్ను పుట్టిన పొద్దే చేటలో పెట్టి తిప్ప మింద వదిలేసినారు. మా పెద్దమ్మ పోయి, ఎవురో బిడ్డను పారేసినారమ్మా, సాకుకో అని ఎత్తుకొచ్చి మా యమ్మకే ఇచ్చింది. తిప్ప మింద దొరికినదాన్ని సావు కూడా అడగదంట. ఎవురు ఏ మంచి పేరు పెట్టి పిలిచినా పలకొద్దని మా యమ్మ నాతో ఒట్టు పెట్టించుకునింది.”

“వేరే పేరుకు పలికితే ఏమవుతుందో ఎప్పుడైనా చూశావా?”

“చూసేదానికి పలికింటే కదా! పలకలేదు. బతికే ఉండా.”

ఆ పిల్లలు దేనితో పోయి ఉంటారో చెప్పగలను. బొడ్డు కోసిన కొడవలి, దాంతో వచ్చే ధనుర్వాతం. అదే కొడవలి, అదే గుడిసె, ఈమె మాత్రం ఎందుకు మిగిలిందో చెప్పలేను. ఒడిలో పాప నా గాజులు లాగుతోంది. దీన్ని కోతి అని ఎందుకంటుందో అప్పుడు తోచింది.

లోపల డాక్టరు చేతి తొడుగులు తీస్తున్నాడు. నేను రెబెకా దగ్గరికి పరిగెత్తాను.

“సిస్టర్, ఆమె పేరు తిప్పమ్మ. అట్లే పిలవండి, వస్తుంది.”

“ఇంతమందిలో ముసలామెను దిబ్బ పేరు పెట్టి ఎట్ల పిలిచేదక్కా? బాగుండదనే కొంచెం మార్చి రాసినా.”

“ఒక్కసారి పిలవండి.”

రెబెకా డాక్టరు వైపు తిరిగి “సార్, ఇంకొకరుండారు” అంది. తలుపు దగ్గరికొచ్చి, మొహమాటంగా, “తిప్పమ్మా” అంది.

కంటికి కట్టుతో ఉన్న పెద్దాయన ఒకాయన కిసుక్కున నవ్వాడు. “గట్టిగా పిలువు పాపా, తిప్ప ఊరి బయటుంటాది!”

“ఆ, ఈడుండా!” అని అవ్వ లేచింది. “ఏమప్పా, నీ తిప్ప నీ వాకిట్లోనే ఉండాదేమో, కట్టిప్పినాక చూసుకో.”

హాలంతా నవ్వారు. రెబెకా కూడా నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

కొన్నాళ్లు వంగకూడదని, కంట్లో నీళ్లు పడకూడదని డాక్టరు చెప్పాడు. అంతవరకూ పీట మీద నేను, కుర్చీలో నల్లకళ్లద్దాలతో అవ్వ. నేను కాళ్లు చాపి పాపను వేసుకుంటాను, ఆమె ఎలా పోయాలో చెబుతుంది. గడువు తీరాక పీట ఆమెదే. కల్పన వాళ్ల అక్క కూతురు కాన్పుకు వచ్చింది, ఆ బిడ్డకూ అవ్వే కావాలట.

కట్టు విప్పిన మర్నాడు పాప ముఖం దగ్గరగా పట్టుకుని అవ్వ చాలాసేపు చూసింది.

“ఎట్లుంది అవ్వా, నిజం చెప్పు.”

“ఏముండాది? కోతి కన్నా అధ్వానం” అని ముఖం పక్కకు తిప్పుకుంది. నవ్వు బయటపడకుండా పెదవులు బిగించింది.

థర్మామీటరు చూసి, మొదటి చెంబు ఎత్తాను.

“ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టమ్మా. నూనె మింద ఉండాది, జారుతాది.”

నేను కోతిని గట్టిగా పట్టుకున్నాను.