తెల్లబడ్డ మిరప

ఆ రోజుల్లో నాకొక పిచ్చి నమ్మకం ఉండేది: ఓపిగ్గా చెబితే ఏదైనా ఎవరికైనా అర్థమవుతుందని. మా నాన్నకు ఆర్‌ఎన్‌ఏ గురించి చెప్పేదాకా ఉంది ఆ నమ్మకం. గుంటూరులో ఒక పరిశోధనశాలలో కొత్తగా చేరాను. మిరప మొక్కలోకి చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను పంపి, ఆకు పచ్చదనాన్ని కాపాడే జన్యువు నోరు మూయించడం నా పని. జన్యువు నోరు మూస్తే ఆకు తెల్లగా పాలిపోతుంది. పాలిపోతే నేను గెలిచినట్టు. సోమవారం పరిశోధనశాల పెద్దలొచ్చి ఆ తెలుపు చూసి, నన్ను ఉంచాలో ఇంటికి పంపాలో తేలుస్తారు.

"జన్యువు నోరు మూయించడమేంటే?" అన్నాడు నాన్న (ప్రత్తిపాడు దగ్గర మిరప రైతు, ఆయన అడగని ప్రశ్న లేదు). "కొన్ని జీవుల్లో కణం రెండుగా చీలేటప్పుడు లోపలి జన్యువుల ఆస్తి సమంగా పంచుకోవాలన్నా ఇదే కావాలి నాన్నా. పంపకాల్లో అందరూ అరిస్తే తెగుతుందా?" అన్నాను. "అయితే పొలం పంపకాల్లో అరిచే మీ పెదనాన్నకో డోసు పంపించు!" అన్నాడు. తల బాదుకున్నాను.

ఆదివారం గోంగూర పచ్చడి, అన్నం క్యారియర్‌తో పరిశోధనశాలకే దిగాడు. తిన్నాక నేను గిన్నెలు కడుగుతుంటే, ఊరుకోవచ్చుగా, మొక్కలు చూద్దామని, వాటిని పెంచే వలపందిరి నెట్‌హౌస్‌లోకి వెళ్లాడు. మా వైపు పరాయి చేలోనైనా తెగులు మొక్క కనిపిస్తే పీకి గట్టున పడేయడం మర్యాద. నేను వెళ్లేసరికి నా తెల్ల మొక్కలన్నీ వేళ్లతో సహా నేలమీద ఉన్నాయి! పోల్చి చూడ్డానికి ఆర్‌ఎన్‌ఏ ఇవ్వకుండా ఉంచిన పచ్చవి మాత్రం కుండీల్లో నిక్షేపంగా ఉన్నాయి. "పాకకముందే పీకేశాలే. మీ మేడమ్ చూస్తే నీ ఉద్యోగం ఊడేది," అన్నాడు చేతులు దులుపుకుంటూ.

"అయ్యో నాన్నా! నా ఉద్యోగమే అవి!"

ఆయన మొహం ఆ ఆకులకన్నా తెల్లబడింది. గోనెపట్టా తడిపి వేళ్లకు చుట్టి, "మిరపనారు పీకి నాటేదేగా, బతుకుతాయిలే" అని గొణుక్కుంటూ అన్నీ మళ్లీ నాటాడు. ఇంటికి వెళ్లనన్నాడు.

సోమవారం మొక్కలు తలలు వేలాడేశాయి, కానీ తెల్లగానే ఉన్నాయి. "ఇలా వాడిపోయాయేం?" అన్నారొక పెద్దాయన. నేను నోరు తెరిచేలోపే తలుపు దగ్గర్నుంచి నాన్న కేకేశాడు: "వాడింది నా వల్లండీ! తెల్లబడింది మా అమ్మాయి వల్ల!" పెద్దాయన నవ్వేశారు. ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు ఆ నెట్‌హౌస్‌కు నేనే పెద్దని. మొన్న ఒక విద్యార్థిని పెంచుతున్న మిరపల మధ్య నడుస్తున్నాను. "మేడమ్! పీకకండి!" అని ఆ పిల్ల అరిచేదాకా, నా చెయ్యి తెల్ల మొక్క మొదట్లో ఉందని నాకే తెలియదు. ఇన్నేళ్లలో ఎన్ని జన్యువుల నోళ్లు మూయించానో. నాన్న నాకిచ్చినవి మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉన్నాయి.