రేకుల షెడ్డులో రెండు నెలలు

మా మేనకోడలికి వేసవి సెలవుల్లో రీసెర్చి చేయడానికి ఒకేసారి రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి దూరాన పెద్ద నగరంలో అద్దాల మేడలాంటి సంస్థ. రెండోది ఆమె చదివే కాలేజీ వెనక రేకుల షెడ్డు. అందులో బాటనీ మేడం కుండీల్లో టమాటా మొక్కలు పెంచి, ఆకులకు మచ్చలెందుకు వస్తాయో చూస్తుంటారు. ఆ షెడ్డు తాళం తీసేదీ వేసేదీ నేనే. ఇరవై రెండేళ్లుగా అక్కడ ల్యాబు అటెండర్ని.

ఆ రోజు సాయంత్రం ఐదులోపు ఏదో ఒకటి ఖాయం చేయాలి. కూతురు అద్దాల మేడకు వెళ్తోందని మా అక్క అప్పటికే వీధంతా టాంటాం వేసేసింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? వచ్చిన అవకాశాన్ని కాలదన్నుకోవద్దని పిల్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. అన్నింటికీ తలూపింది. నాలుగింటికి షెడ్డుకు వచ్చి, మేడంకు ఇవ్వమని ఒక కాగితం నా చేతిలో పెట్టింది. రాలేనని రాసింది. ఇచ్చి వెళ్లిపోతుందా అంటే, లేదు. ఒక్కో కుండీ దగ్గరా ఆగి ఆకులు తిరగేసి చూస్తోంది. నాకు ఒళ్లు మండింది.

"అంత బెంగగా ఉంటే ఎందుకు రాశావే?"

"అందరూ వెళ్లమన్నారు కదా మామయ్యా."

ఆ గొంతు విని నాకు అనుమానం వచ్చింది. ప్రొఫెసర్లు చెప్పని సంగతులు అటెండర్లకు తెలుస్తాయి. ఆ సంస్థలోని అటెండరు నాకు పాత స్నేహితుడు. బయటికెళ్లి ఫోన్ చేశాను.

"వేసవికి వచ్చే పిల్లలా? పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని ఫొటోల్లో కణాలు లెక్కపెడతారన్నా. మైక్రోస్కోపు గదిలోకి రానివ్వరు. పెద్దసారు గ్రూప్ ఫొటో రోజున కనబడతారు, అంతే" అన్నాడు.

వచ్చి చెబితే పిల్ల ఏమీ ఆశ్చర్యపోలేదు.

"తెలుసు మామయ్యా. కిందటేడు వెళ్లొచ్చిన సీనియర్‌ని అడిగాను. ఇక్కడైతే మొదటి రోజు నుంచే పది కుండీలు నాకే ఇస్తామన్నారు మేడం. నాకిదే కావాలి. అమ్మకి చెప్పే ధైర్యమే లేదు."

నాకు సిగ్గేసింది. అన్నీ కనుక్కున్నది ఆ పిల్ల, ఏమీ కనుక్కోకుండా సలహాలిచ్చింది నేను. కాగితం చింపేశాను.

"ఆ సంస్థకి రాలేనని మెయిల్ పెట్టు. మీ అమ్మ తిట్లు నేను తింటాలే."

పావు తక్కువ ఐదుకు మెయిల్ పెట్టేసి, పిల్ల బోర్లించిన కుండీ మీద కూలబడి గట్టిగా ఊపిరి వదిలింది. నేను స్పీకరు పెట్టి అక్కకు ఫోన్ చేశాను. గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పేసి తిట్ల కోసం కాచుకున్నాను. ఒక్క తిట్టూ రాలేదు.

"అయితే అది ఊరు వెళ్లదా?" అంది అక్క.

"వెళ్లదు. సాయంత్రానికల్లా ఇంటికొచ్చేస్తుంది."

"హమ్మయ్య! బతికించావురా. వారం రోజులుగా కంటిమీద కునుకు లేదు. వద్దంటే దాని చదువుకి అడ్డుపడ్డానంటుందని పైకి తెగ సంబరపడ్డాను."

పిల్ల చివాల్న లేచి ఫోన్ లాక్కుంది.

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"నువ్వు చెప్పావా?" అంది అక్క.